తెలిసిన మనిషి

"వతాషి, దిల్‌సరా నో షిరియాయ్!"

రెండో తరగతి గది గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ జోడించి, ముక్కు కింద బులాకీ ఊగిపోయేలా నవ్వుతూ సున్‌కేసరి గట్టిగా ప్రకటించింది. ఆ రోజు బడిలో తల్లిదండ్రులు వచ్చి పిల్లల పాఠం చూసే రోజు. వెనక గోడ వారగా చప్పుడు లేకుండా నిలబడ్డ తల్లులంతా ఒక్కసారి తలలు తిప్పారు. ఆవిడకి మాత్రం బెరుకన్నదే లేదు! మనవరాలి బడికి వచ్చాను, నేనెవరో నేనే చెప్పుకున్నాను, అదీ జపాను భాషలో చెప్పుకున్నాను అన్న సంతోషంతో ఆ ముఖం వెలిగిపోతోంది.

టీచరమ్మ నడుము వంచి నమస్కరించింది. "ఓ... రోజిషా వాళ్ళమ్మగారికి తెలిసినవారా! నాయనమ్మగారేమో అనుకున్నాను, క్షమించండి" అంది.

పక్కనే నిలబడ్డ కోడలు దిల్‌సరాకి తల తీసేసినట్టయింది! బడి గుమ్మంలో చెప్పులు విప్పిన దగ్గర నుంచీ ఆమె గుండె కొట్టుకుంటూనే ఉంది, ఈవిడ ఎక్కడ ఆ మాట అనేస్తుందోనని. అననే అంది. పోనీ, టీచరమ్మ నవ్వి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ రెండో వరసలోంచి ఎనిమిదేళ్ళ రోజిషా లేచి నిలబడింది. "కాదు టీచర్! ఆవిడ మా నాయనమ్మే! మా నాన్నని కన్న అమ్మ!" అని జపాను భాషలో అరిచింది. పిల్లలంతా గొల్లున నవ్వారు. అది అంతటితో ఊరుకుందా? గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చి, నాయనమ్మ కొంగు పట్టుకుని, మా నేపాలీలో గడగడా అనేసింది.

"బోజూ! షిరియాయ్ అంటే అత్తగారు కాదు! ఊరికే తెలిసిన మనిషి అని! చుట్టం కూడా కాదు! నీకెవరు నేర్పారు అలాగ?"

సున్‌కేసరి కోడలి వంక చూసింది. ఒక్క క్షణమే చూసింది. దిల్‌సరా ఆ చూపుని తట్టుకోలేక తన కాలివేళ్ళ వైపు చూసుకుంది. భూమి బద్దలై మింగేస్తే బాగుండును అనిపించింది... మరుక్షణం సున్‌కేసరి పకపకా నవ్వింది!

"హత్తెరికీ! నా చెవి పాడుగాను! మీ అమ్మ ఏదో చెప్పింది, నేనింకేదో విన్నాను. కొండ మీద చెవులే ఇవి, సముద్రం అవతలి మాట పడతాయా? పో పో, వెళ్ళి కూర్చో. నా మూలంగా నీ పాఠం పోతోంది" అని మనవరాలి వీపు తట్టి పంపేసి, టీచరమ్మకి మళ్ళీ చేతులు జోడించి, అందరి తల్లుల వెనకా గోడకి ఆనుకుని నిలబడింది. పాఠం అయ్యేదాకా ఆవిడ ముఖం మీద నవ్వు చెదరలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో దులిపేసి ఉంటే దిల్‌సరా ప్రాణం కుదుటపడేది. తను చేసిన తప్పుని అత్తగారు మీదేసుకోవడాన్ని మాత్రం ఎలా భరించాలి?

అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, కానీ నవ్వాక దిల్‌సరా మీద కాస్త జాలి కూడా పడండి. మనలో అబద్ధం ఆడనిదెవరు?

తొమ్మిదేళ్ళ క్రితం, ఆమె కొత్తగా జపానులో ఈ కసుగై ఊరికి వచ్చినప్పుడు, కింది వాటాలో ఉండే ఇంటావిడ హమాదా సాన్ శనివారాలు భాష నేర్పేది. ఒక రోజు "మీ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పండి" అంది. దిల్‌సరా కూడబలుక్కుని, "మా అత్తగారు హోటల్ నడుపుతారు" అంది. అందులో అబద్ధమేముంది? నేపాల్ కొండల్లో వాళ్ళ ఊరు గల్కోట్ హటియాలో బస్సులాగే చోట సున్‌కేసరిది హోటలే. పొద్దున్నే టీ, బియ్యప్పిండితో వేసే సేల్ రొట్టె, మధ్యాహ్నం పప్పు అన్నం. హమాదా సాన్ కళ్ళు ఇంతలు చేసుకుని "హోటలా! ఎన్ని అంతస్తులు?" అంది. దిల్‌సరాకి 'ఎన్ని' అన్నది ఒక్కటే అర్థమయింది. బల్లలనుకుంది కాబోలు, "నాలుగు" అంది!

నాలుగు బల్లలు ఆ పూట నుంచి నాలుగంతస్తులైపోయాయి. జపానువాళ్ళకి హోటలంటే గదులు, లిఫ్టు, టై కట్టుకున్న మనుషులు! ఆ సంగతి దిల్‌సరాకి నెల తిరక్కుండానే తెలిసింది. దిద్దుకోవచ్చు కదా? దిద్దుకోలేదు. ఎందుకంటే ఆ రోజు నుంచి హమాదా సాన్ ఆమెని చూసే చూపు మారింది. డబ్బాల్లో అన్నం కూరలు సర్దే ఫ్యాక్టరీలో తోటి ఆడవాళ్ళకి కూడా ఆమె 'హోటలు వాళ్ళ కోడలు' అయింది. పరాయి దేశంలో మనకి దొరికే గౌరవం ఎంతని? ఆ కాస్తా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు, చలికాలం నీళ్ళల్లో చేతులు పగిలేలా ఆ హోటల్లో టీ గ్లాసులు కడిగింది తనే అని ఎవరికి చెప్పుకుంటుంది?

ఆ ఏడు సెప్టెంబరులో మూడు నెలల వీసా మీద అత్తగారు దిగింది. నడుముకి చుట్టిన పటుకా గుడ్డ, ముక్కుకి బులాకీ, పొయ్యి పొగకీ బూడిదకీ నల్లబడిన చేతులు. టాక్సీ దిగీ దిగగానే "అబ్బ, నడుం పట్టేసిందే" అని మెట్ల మీద చతికిలబడి కాళ్ళు చాపేసింది! సరిగ్గా అప్పుడే హమాదా సాన్ పూలకుండీలకి నీళ్ళు పోస్తూ అక్కడే ఉంది. "వీరు...?" అని ఆశగా అడిగింది.

దిల్‌సరా నోరు జారింది. "షిరియాయ్... ఊరి నుంచి వచ్చిన తెలిసినావిడ. అత్తగారికి తీరుబడి దొరకలేదు."

"ఏమే, నా గురించి ఏం చెప్పావు?" అంది సున్‌కేసరి.

"అత్తగారని చెప్పాను ఆమా" అంది దిల్‌సరా. మా నేపాలీలో ఆమా అంటే అమ్మ.

"షి-రి-యాయ్! బాగుందే మాట!" అని ఆవిడ మురిసిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. ఆవిడ ఆ మాటని పట్టుకుని ఊరంతా తిరిగింది! కూరగాయల దుకాణంలో, పార్కులో, ముల్లంగి ఆకులు ఊరికే ఇచ్చే ముసలి రైతు దగ్గర, అందరికీ గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పుకుంది, "నేను దిల్‌సరాకి తెలిసిన మనిషిని" అని! వినేవాళ్ళు తలలు ఊపేవారు. కోడలు పక్కనే నిలబడి లోపల చచ్చిపోయేది. అయినా దిద్దలేదు. ఎలా దిద్దుతుంది చెప్పండి?

ఆవిడ ఊరికే చూసిపోవడానికి రాలేదు. దిల్‌సరా మొగుడు తేక్ బహదూర్ పదిహేనేళ్ళుగా ఇక్కడి రెస్టారెంటులో నిప్పుల పొయ్యిలో రొట్టెలు కాలుస్తున్నాడు. కుడి భుజం పాడైపోయింది. వచ్చే ఏడు వెనక్కి వెళ్ళిపోదామన్నాడు. వెళ్ళి ఎక్కడుండాలి? కసుగైలో మా నేపాలీలు ఇద్దరు కలిస్తే ఇదే మాట. ఖాట్మండూ అయితే దుమ్ము, పల్లె అయితే బడి లేదు, మైదానం అయితే ఎండ! ఇక్కడ అన్నం తింటూ అక్కడ ఇల్లు కట్టుకునే జాతి మాది. దిల్‌సరాకి నేపాల్ మైదానంలోని భరత్‌పూర్ కావాలి. వాళ్ళక్క అక్కడుంది, వెడల్పాటి వీధులున్నాయి, తన చేతికి ఎంగిలి గ్లాసు అందించేవాడు ఒక్కడూ ఉండడు. తేక్ ఒకటే మాట అన్నాడు. "ఆమా ఎక్కడికొస్తే అక్కడే ఇల్లు. ఆమె రానంటే ఇల్లే లేదు."

ఇక చూడండి, రెండు నెలలు దిల్‌సరా అత్తగారి కాళ్ళకి ఆవనూనె రాసింది, జడ వేసింది, బుజ్జగించింది. పనిగట్టుకుని చేసిందే అనుకోండి, చేయగా చేయగా అందులో ప్రేమ కూడా పుట్టింది! చివరికి బడి చూసే రోజుకి ముందు సాయంత్రం సున్‌కేసరి, "సరే పదవే. మీ అక్క వాళ్ళ మైదానంలోనే ఉందాం. నా హోటలు నా చెల్లెలి కూతురికి ఇచ్చేస్తాను. ముప్పై ఏళ్ళు ఆ పొయ్యి ముందు కూర్చున్నాను, చాల్లే" అంది. దిల్‌సరా ఆవిణ్ణి కావిలించుకుని ఏడ్చింది కూడా. తెల్లవారితే ఇదీ జరిగింది!

ఆ తర్వాత సున్‌కేసరి మారిపోయింది. అలిగిందా అంటే అలగలేదు. పిలిస్తే పలికేది, పెట్టింది తినేది. కానీ వీధిలోకి వెళ్ళడం మానేసింది. బాల్కనీలో ఆకులు ఆరబెట్టడం మానేసింది. "ఇక్కడ కూర్చోవచ్చా? ఈ గిన్నె తీసుకోవచ్చా?" అని ప్రతిదానికీ అడగడం మొదలుపెట్టింది. సొంత కొడుకు ఇంట్లో! ఆవిడ అలా అడిగిన ప్రతిసారీ దిల్‌సరాకి చెంప మీద కొట్టినట్టుండేది. "ఆమా, నన్ను క్షమించు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది... ముఖం చెల్లక మింగేసేది.

బుధవారం తేక్‌కి సెలవు. మధ్యాహ్నం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. రోజిషా బడిలో ఉంది.

"ఆమా, భరత్‌పూర్ నుంచి రేపు వదిన ఫోన్ చేస్తుంది. వాళ్ళింటి వెనక స్థలం తీసుకుంటామని చెప్పేయనా?" అన్నాడు తేక్.

"తీసుకోండి బాబూ. చల్లగా ఉండండి. నేను మాత్రం హటియాలోనే ఉంటాను."

తేక్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అదేంటి? పోయిన వారమే కదా సరేనన్నావు?"

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను. ముసల్దాని మాట నీటి మీద రాత. పచ్చడి వేసుకో."

"ఎవరైనా ఏమైనా అన్నారా? ఏమే, నువ్వేమైనా అన్నావా?" అని తేక్ పెళ్ళాం వైపు తిరిగాడు.

"అదేమంటుంది పాపం! దాన్నేం అడుగుతావు? నా పొయ్యి నాకు గుర్తొచ్చింది, అంతే" అంది సున్‌కేసరి గబగబా.

ఇంకోసారి! ఇంకోసారి ఆ చల్లని తల్లి తన తప్పుని కప్పేస్తోంది! దిల్‌సరా గుండె చెరువైపోయింది. ఇప్పుడు గానీ నోరు మూసుకుంటే భరత్‌పూర్ మాట ఎలా ఉన్నా, తన ముఖం తాను అద్దంలో చూసుకోలేదు. కంచం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పేసింది. నాలుగంతస్తులు, మెట్ల మీద మాట, బడిలో జరిగింది... ఏదీ దాచలేదు.

తేక్ ముఖం నల్లబడింది. "మా అమ్మ తెలిసినావిడా? ఆ నాలుగు బల్లల మీద టీలు అమ్మి కదే నన్ను విమానం ఎక్కించింది! నువ్వు తినే ఈ అన్నం..."

"నోర్ముయ్, తేకే!" అని సున్‌కేసరి కసిరింది. "ఆడది ఏడుస్తుంటే అరిచేవాడు మగాడా? అన్నం ముందు అరుపులేంటి?" కోడలి వైపు జరిగి, నల్లబడిన ఆ చేత్తోనే ఆమె ముక్కూ కళ్ళూ తుడిచింది. "కోపమేం లేదే పిచ్చిదానా. మొదట్లో ఏడుపొచ్చింది. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను, మీకు వినపడకూడదని. తర్వాత ఆలోచించాను. ఇక్కడంటే ఆ కిందావిడ ఒక్కతే. భరత్‌పూర్‌లో వీధి వీధంతా కొత్తవాళ్ళే. ఎవరు ఈవిడ, ఎవరు ఈవిడ అని అడుగుతూనే ఉంటారు. రోజుకో మాట ఎక్కడ వెతుక్కుంటావే నువ్వు? హటియాలో అయితే నేనెవరో ఎవరూ అడగరు. నీకూ హాయి, నాకూ హాయి."

ఎంత నెమ్మదిగా అందో! అందులో దెప్పు లేదు, వెటకారం లేదు. లెక్క తేలినట్టు చెప్పింది. అందుకే అది దిల్‌సరా గుండెల్లో సూటిగా గుచ్చుకుంది. చెయ్యి కడుక్కోకుండానే లేచి, గబగబా మెట్లు దిగి, కింది తలుపు తట్టింది.

హమాదా సాన్ తలుపు తీసింది. ఎంగిలి చేత్తో, చెదిరిన జుట్టుతో నిలబడ్డ దిల్‌సరాని చూసి కంగారుపడింది.

"పైనున్నావిడ మా అత్తగారు. నా భర్త తల్లి. ఆవిడకి నాలుగంతస్తులు లేవు. నాలుగు బల్లలున్న టీకొట్టు ఉంది. నేను అబద్ధం చెప్పాను. తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను" అంది ఒక్క గుక్కలో.

హమాదా సాన్ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. ఆనక చిన్నగా అంది. "నాకు తెలుసు, దిల్‌సరా సాన్."

"తెలుసా...?"

"రోజిషా రోజూ పైనుంచి బోజూ, బోజూ అని పిలుస్తుంది కదా. నాయనమ్మ అని, ఊళ్ళో టీకొట్టు నడుపుతుందని ఆ పిల్లే మొదటి వారంలోనే నాకు చెప్పింది. ఏ మనస్పర్థలున్నాయో, అడిగితే బాధపడతారని అడగలేదు. ఆవిడ నా కుండీల్లో కలుపు తీసి వెళుతుంటే, అమ్మగారూ అని పిలవాలనిపించేది. మీరు చెప్పలేదు కాబట్టి పిలవలేదు."

దిల్‌సరా అక్కడే గడపలో కూలబడిపోయింది. ఎవరి ముందు పరువు కాపాడుకోవాలని అత్తగారిని కాదందో, ఆవిడకి మొదటి వారం నుంచే అంతా తెలుసు! రెండు నెలలుగా ఆవిడ తనని చూస్తూ ఏమనుకుని ఉంటుంది? అత్తగారిని అత్తగారని చెప్పుకోలేని దౌర్భాగ్యురాలు అనుకోదూ? నాలుగంతస్తుల గౌరవం ఎప్పుడో కూలిపోయింది, తనొక్కతే అందులో కూర్చుని ఉంది.

పైకి వచ్చి అత్తగారి పాదాలకి నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు. "భరత్‌పూర్ వద్దు ఆమా. హటియాలోనే కట్టుకుందాం. నీ హోటలు పక్కనే కట్టుకుందాం. నేను వచ్చి నీ పొయ్యి ముందు కూర్చుంటాను. నువ్వు లేని ఇల్లు నాకొద్దు!"

తేక్ తల్లి వంక చూశాడు. కొడుకు కళ్ళల్లో ఆశ కనిపించినా సున్‌కేసరి తల అడ్డంగా ఊపింది.

"వద్దే. ఇప్పుడు నువ్వు సిగ్గుతో మాట్లాడుతున్నావు. సిగ్గుతో ఇల్లు కట్టుకుంటే అందులో కాపురం సాగదు. రేపు నా బల్ల ముందు ఏ డ్రైవరో గ్లాసు కడగలేదని నిన్ను కసిరితే, ఈ ముసల్దాని వల్లే కదా అని నన్ను తిట్టుకుంటావు. ఒక పని చెయ్యి. వచ్చే ఆషాఢంలో పిల్లని తీసుకుని రా. వానాకాలమంతా నాతో ఉండు. బురద, జలగలు, ఎంగిలి గ్లాసులు, అన్నీ చూడు. అప్పుడు కూడా ఇదే మాట అంటే పునాది తవ్విద్దాం. లేకపోతే భరత్‌పూర్‌లోనే కట్టుకోండి. నేను పండగలకి వచ్చి పోతాను. నాకేం బాధ లేదు."

"నేను మాట మార్చను ఆమా."

"మార్చవని ఇప్పుడే అనకు. చూద్దాం." అంతకంటే ఒక్క మాట మెత్తబడలేదు ఆవిడ. తల్లి మనసే, కానీ ముప్పై ఏళ్ళు కొట్టు నడిపిన మనిషి!

నవంబరు చివర ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు హమాదా సాన్ గుమ్మం దాకా వచ్చి "అమ్మగారూ" అని నోరారా పిలిచి, రెండు చేతులూ పట్టుకుంది. ఈసారి దిల్‌సరా పక్కనే నిలబడి ఆ మాటకి అర్థం సరిగ్గా చెప్పింది. చెప్పినా ఏం లాభం? అత్తగారు నవ్విందే గానీ, మొదటి రోజుల్లో ఊరంతా తిరిగినప్పటి ఆ మురిపెం ఆ ముఖంలో లేదు. ఒకసారి పోగొట్టింది మళ్ళీ తెచ్చి ఇవ్వలేమని దిల్‌సరాకి విమానాశ్రయంలో అర్థమయింది.

చలికాలమంతా వారానికోసారి ఫోన్ చేసేది. అవతల సున్‌కేసరి "ఆఁ, బాగున్నాను. పిల్ల బాగుందా? సరే మరి" అని పెట్టేసేది. అంతే. తిట్టదు, నవ్వదు. దిల్‌సరా రాత్రింబవళ్ళు అదే తలుచుకునేది. నన్ను క్షమించిందా, లేక వదిలేసిందా? రెండింటికీ తేడా తెలియక నలిగిపోయింది.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ఫ్యాక్టరీ బయట అన్నం తినే వేళ, ముఖాలు కనిపించే ఫోన్ చేసింది. హటియాలో పొద్దుటి బస్సు అప్పుడే వచ్చినట్టుంది. కొట్టు కిటకిటలాడుతోంది. సున్‌కేసరి ఒక చేత్తో టీ పోస్తూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని ఉంది. బొమ్మ అటూ ఇటూ ఊగుతోంది.

"ఆమా, టిక్కెట్లు తీసుకున్నాం. జూను పదిహేనున వస్తున్నాం. నేనూ, పిల్లా" అంది దిల్‌సరా.

సున్‌కేసరి గ్లాసు నిండేదాకా టీ పోసింది. ఎవడో డ్రైవరు కాబోలు, మెడ సాచి ఫోన్లోకి తొంగి చూశాడు. తెల్ల టోపీ, తెల్ల కోటుతో ఉన్న దిల్‌సరాని చూసి, "ఎవరు సాహునీ, ఆ ఫోన్లో ఆవిడ? ఆసుపత్రి డాక్టరమ్మా? నీకెలా తెలుసు?" అని కొట్టు యజమానురాలిని అడిగాడు.

దిల్‌సరా అన్నం డబ్బా పక్కన పెట్టేసింది. నలుగురిలో ఎవరు అని అడిగారు... తను మెట్ల దగ్గర ఏమందో అదే మాట ఆవిడ ఇప్పుడు అనవచ్చు. తెలిసిన మనిషిలే అనవచ్చు. అంటే తను కాదనడానికి లేదు. కళ్ళు మూసుకుంది.

"డాక్టరమ్మేంట్రా నీ మొహం! నా కోడలు!" అని సున్‌కేసరి గొంతు కొట్టంతా మారుమోగింది. "నా ఒక్కగానొక్క కోడలు! జపానులో ఉంటుంది. వానాకాలానికి ఇంటికొస్తోంది. ఆ కాళ్ళు బల్ల మీద నుంచి దించు, అది చూస్తోంది!"

బల్లల మీద వాళ్ళంతా గొల్లున నవ్వారు. ఇక్కడ దిల్‌సరాకి ఏమీ కనిపించడం లేదు, కళ్ళ నిండా నీళ్ళు. కోటు చేత్తో తుడుచుకుంటూనే ఉంది.

"ఏమే, వినపడుతోందా? మాట్లాడవేం?" అని అత్తగారు రెండుసార్లు అడిగింది.

"వినపడుతోంది ఆమా" అంది దిల్‌సరా.